సమూర్ నదికి రెండు గట్ల మీదా లెజ్గీలు

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, లెజ్గీలని, పేరు కూడా పెద్దగా వినని ఒక కాకసస్ కొండజాతి గురించి చెప్తామంటే ఇంతమంది వస్తారని నిర్వాహకులూ అనుకున్నట్టు లేదు, కుర్చీలు చాలలేదు. వెనక నిలబడ్డవాళ్లు కింద కూర్చున్నా నాకేం అభ్యంతరం లేదు.

ముందు ఒక ప్రశ్న. మీలో అజర్‌బైజాన్ రాజధాని బాకు టూర్‌కి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకటి, రెండు... అక్కడ ఇంకొకరు. మంచిది. షాదాగ్ వెళ్లారా అమ్మా, కేబుల్ కార్, మంచు, అదంతా? వెళ్లారు. ఆ షాదాగ్ రిసార్ట్ ఉన్నది కుసార్ జిల్లాలో. కుసార్ జిల్లాలో పదిమందిలో తొమ్మిదిమంది లెజ్గీలే. అంటే మీరు లెజ్గీల ఊళ్ల మధ్య నుంచే కారులో వెళ్లొచ్చారు. ఆ సంగతి మీ గైడ్ చెప్పాడా? చెప్పలేదు కదా. చెప్పకపోవడం వెనక కూడా కాస్త కథ ఉంది, మెల్లగా అక్కడికి వస్తాను.

ఈ మ్యాప్ చూడండి. ఇది కాస్పియన్ సముద్రం. దానికి పడమట నల్లసముద్రం దాకా అడ్డంగా పడుకున్నవి కాకసస్ కొండలు. ఆ కొండలు కాస్పియన్ వైపు దిగుతున్న చోట, ఉత్తరాన రష్యాలోని దాగెస్తాన్, దక్షిణాన అజర్‌బైజాన్. మధ్యలో నేను ఎర్ర పెన్నుతో గీసింది సమూర్ నది. సమూర్ పుట్టేది దాగెస్తాన్ కొండల్లోనే. రుతుల్, అఖ్తీ అనే ఊళ్ల పక్కనుంచి వచ్చి, చివర్లో రెండు దేశాలకూ సరిహద్దుగా పారి సముద్రంలో కలుస్తుంది. లెజ్గీలు ఈ నదికి రెండు వైపులా ఉన్నారు. అటు అఖ్తీ, కురఖ్, మగరమ్‌కెంత్, కసుమ్‌కెంత్, దెర్బెంత్ నగరం. ఇటు కుసార్, ఖచ్‌మజ్, కుబా, కొండలకు దక్షిణం వైపున గబలా, ఇస్మాయిల్లీ ప్రాంతాల్లో కొన్ని ఊళ్లు, ఇక బాకు నగరంలో సరేసరి.

ఎంతమంది అంటే, రష్యా 2021 జనాభా లెక్కల్లో 4 లక్షల 88 వేల పైచిలుకు. వీళ్లలో ఎక్కువమంది దాగెస్తాన్‌లోనే ఉన్నారు, మిగతావాళ్లు మాస్కో, సైబీరియా చమురు పట్టణాలు ఇలా. అజర్‌బైజాన్ 2009 లెక్కల్లో 1 లక్షా 80 వేలు. ఈ రెండో అంకె దగ్గరే గొడవ. లెజ్గీ సంఘాలు అంతకు ఎన్నో రెట్లు ఉన్నామంటాయి, ప్రభుత్వం ఒప్పుకోదు. కుటుంబంలో అజర్‌బైజానీ మాట్లాడుతూ, కాగితం మీద అజర్‌బైజానీ అని రాయించుకున్నవాళ్లను ఎవరి కింద లెక్కేయాలి? అది అంకెలతో తేలే తగాదా కాదు కాబట్టి నేను ఎటూ తీర్పు చెప్పను. ప్రభుత్వ లెక్కే తీసుకున్నా అజర్‌బైజాన్‌లో అజర్‌బైజానీల తర్వాత పెద్ద జాతి వీళ్లే.

ఎత్తు గురించి ఒక మాట. కురుష్ అనే లెజ్గీ ఊరు ఒకటి ఉంది, సముద్రమట్టానికి రెండున్నర వేల మీటర్ల పైన. రష్యా మొత్తంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న ఊరు, అన్నిటికన్నా దక్షిణాన ఉన్న ఊరు, రెండూ అదే. పక్కనే 4,466 మీటర్ల బజార్‌దుజు శిఖరం. చెట్టు అన్నది ఉండదు. గొర్రెలే జీవనం. సోవియట్ కాలంలో ఆ ఊరివాళ్లను చాలామందిని కిందికి, మైదానానికి తరలించారు. అందుకే దాగెస్తాన్ ఉత్తరాన ఖసవ్‌యుర్త్ దగ్గర ‘కొత్త కురుష్’ అని ఇంకో ఊరుంది, పాత ఊరి కన్నా అదే చాలా పెద్దది. పాత కురుష్ మాత్రం ఖాళీ కాలేదు, ఇప్పటికీ పొయ్యి రాజేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు పేరు. ఇది కాస్త చిక్కుగా ఉంటుంది, ఓపిక పట్టండి. 2 వేల ఏళ్ల కిందట గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో ఈ ప్రాంతంలో ‘లెగై’ అనే జనం ఉన్నారని రాశాడు. వాళ్లే వీళ్లా అంటే, కావచ్చు, పేరు దగ్గరగా ఉంది. కానీ ఆ తర్వాత చాలా శతాబ్దాల పాటు బయటివాళ్లు దాగెస్తాన్ కొండల్లో ఉన్న ప్రతి జాతినీ లెజ్గీ అనే పిలిచారు. అవార్లు, లాక్‌లు, దార్గిన్‌లు, అందరూ లెజ్గీలే. అసలు లెజ్గీలను మాత్రం రష్యన్లు ‘క్యురిన్‌లు’ అని వేరే పేరుతో పిలిచారు. 1920ల తర్వాతే ఆ పేరు తీసేసి, లెజ్గీ అన్నది ఈ ఒక్క జాతికే ఖాయం చేశారు. కాబట్టి పాత పుస్తకాల్లో లెజ్గీ అని కనిపిస్తే కంగారుపడి వీళ్లేనని రాసేయకండి. అందరూ చేసే పొరపాటు అది.

ఈ పేరు మన దేశ చరిత్రలోకి కూడా వచ్చింది. 18వ శతాబ్దంలో ఇరాన్ నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడిన వాలిహ్ దాగెస్తానీ అనే పర్షియన్ కవి ఉన్నాడు. కవుల చరిత్రలు రాసిన పెద్ద పండితుడు. అప్పట్లో ఇరాన్‌ను ఏలిన సఫవీల దర్బారులో లెజ్గీలు అనిపించుకున్న వంశం అతనిది. ఇంకొక సంబంధం మీకు బాగా తెలిసిన మనిషితో. 1739లో ఢిల్లీని దోచుకున్న నాదిర్ షా. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూరును పట్టుకుపోయింది ఆయనే. ఢిల్లీకి రాకముందే, 1738లో, ఆయన అన్నదమ్ముడు ఇబ్రహీం ఖాన్‌ను కాకసస్ కొండవాళ్లు చంపేశారు. ఆ పగ తీర్చుకోవాలని 1741లో పెద్ద సైన్యంతో దాగెస్తాన్ మీదికి వెళ్లాడు. ఢిల్లీ దారిలో కర్నాల్ దగ్గర పట్టుమని ఒక్కరోజులో గెలిచినట్టు అక్కడ కుదర్లేదు. లోయల్లో చిక్కుకున్నాడు, అందలాల్ అనే చోట గట్టి దెబ్బ తిన్నాడు, రెండేళ్లు పెనుగులాడి 1743లో వెనక్కి తిరిగాడు. ‘ఏ షాకైనా మతి పోతే లెజ్గీల మీదికి వెళ్లమనండి’ అని ఇరాన్‌లో సామెత పుట్టిందని చెప్తారు. ఆ లెజ్గీలంటే నేను ఇందాక చెప్పిన ‘అందరూ’ అన్నమాట. అన్ని జాతులూ కలిసి చేసిన యుద్ధం అది. ఇవాళ అక్కడ ఒక్కో జాతీ ఆ గెలుపు మాదంటే మాదని కొట్టుకుంటున్నారు, అది వేరే సంగతి.

సొంత లెజ్గీ వీరుడు కావాలంటే హాజీ దావూద్ ఉన్నాడు. సమూర్‌కు దక్షిణాన ముష్కుర్ ప్రాంతంవాడు. షియా సఫవీ పాలన మీద సున్నీ జనాన్ని కూడగట్టి 1721లో షమాఖీ నగరాన్ని పట్టుకున్నాడు. ఆ దోపిడీలో రష్యన్ వర్తకులు కూడా నష్టపోయారు. రష్యా చక్రవర్తి పీటర్‌కు అదే సాకు దొరికింది, మరుసటేడే కాస్పియన్ వెంట దెర్బెంత్ దాకా సైన్యంతో వచ్చాడు. ఇరాన్ మీద తిరగబడితే రష్యా వచ్చి వాకిట్లో నిలబడింది.

మతం దగ్గరికి వద్దాం. లెజ్గీలు సున్నీ ముస్లింలు, అందులో షాఫీ అనే న్యాయ సంప్రదాయం. ఒక్క ఊరు మినహాయింపు, అఖ్తీకి దగ్గర్లోని మిస్కింజా. ఆ ఊరు మొత్తం షియా. చుట్టూ సున్నీ ఊళ్లు, మధ్యలో ఇదొక్కటి, శతాబ్దాలుగా అలాగే ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, దాగెస్తాన్‌లో చుట్టుపక్కల జాతులు కూడా సున్నీలే కాబట్టి మతం వీళ్లను ఇరుగుపొరుగుతో కలుపుతుంది. నది దాటి అజర్‌బైజాన్‌లో అడుగుపెడితే ఎక్కువమంది షియాలు. అక్కడ అదే మతం వీళ్లను వేరుగా చూపిస్తుంది. ఒకే నమాజు, రెండు గట్ల మీద రెండు అర్థాలు.

దాగెస్తాన్ చరిత్రలో ఇమామ్ షమీల్ పేరు విననివాళ్లుండరు. రష్యా సామ్రాజ్యంతో పాతికేళ్లు పోరాడిన అవార్ నాయకుడు. ఆయనకూ, ఆయనకన్నా ముందు ఇమామ్ అయిన గాజీ ముహమ్మద్‌కూ గురువు ఒక లెజ్గీ. ముహమ్మద్ యరాగీ, వీని-యరాగ్ అనే చిన్న ఊళ్లో మదరసా నడిపిన సూఫీ, నక్ష్‌బందీ అనే శాఖవాడు. కాకసస్ యుద్ధానికి ఆత్మబలం ఇచ్చిన ఉద్యమం ఆయన పాఠాల నుంచే మొదలైంది. విచిత్రం, యుద్ధం ఎక్కువగా ఉత్తరాన అవార్, చెచెన్ కొండల్లోనే జరిగింది. గురువు ఊరు రష్యన్ల చేతిలోనే ఉండిపోయింది. ఆయన కూడా చివరికి అవార్ ప్రాంతంలోనే, సొగ్రాత్ల్‌లో కన్నుమూశాడు.

ఇది మసీదు మతం. దాని కింద ఇంకొక పొర ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. షల్‌బుజ్‌దాగ్ అనే కొండ, 4,100 మీటర్ల పైచిలుకు. దాని మీద పీర్ సులేమాన్ అనే పుణ్యపురుషుడి సమాధి ఉంది. వేసవిలో మంచు కరిగాక, జూలై ఆగస్టుల్లో, జనం తండోపతండాలుగా ఎక్కుతారు. కింద ఎరెన్‌లార్ అనే చోట నమాజు చేస్తారు, మొక్కుకున్న గొర్రెను కోసి వండుతారు, వచ్చినవాళ్లందరికీ పెడతారు. తర్వాత పైకి నడక. పిల్లలు లేనివాళ్లు, జబ్బు నయం కావాలన్నవాళ్లు, పరీక్ష పాసవ్వాలన్నవాళ్లు, అందరూ. మోకాళ్లు పట్టేసే ముసలమ్మలు కూడా ఎక్కుతారు. ఈమధ్య గల్ఫ్ తరహా శుద్ధ ఇస్లాం చెప్పేవాళ్లు సమాధులకు మొక్కడం తప్పంటారు. కొండకు జనం తగ్గలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే యారన్ సువర్ ఉంది. మార్చి 21 ప్రాంతంలో వచ్చే వసంతోత్సవం. పెరట్లో మంట వేసి దాని మీదుగా దూకుతారు, పోయిన ఏడాది కష్టమంతా మంటలో పోవాలని. ఇస్లాంకు ముందుదే, సందేహం లేదు. రెంటికీ మధ్యలో క్రైస్తవం కూడా నడిచింది. ఈ ప్రాంతం ఒకప్పుడు కాకసస్ అల్బేనియా అనే రాజ్యం. యూరప్‌లో ఉన్న అల్బేనియాతో ఏ సంబంధమూ లేదు, పేరొక్కటే. 4వ శతాబ్దంలో ఆ రాజ్యం క్రైస్తవం తీసుకుంది, 5వ శతాబ్దంలో సొంత లిపి కూడా వచ్చింది. ఆ లిపి తర్వాత పూర్తిగా మాయమైపోయింది. 1937లో ఒక ఆర్మేనియన్ చేతిరాత పుస్తకంలో అక్షరాల పట్టిక దొరికింది, చదవడానికి పెద్ద రాత ఏదీ దొరకలేదు. 1990లలో ఈజిప్టులోని సినాయ్ కొండ కింద ఉన్న సెయింట్ కేథరిన్ మఠంలో దొరికింది! పాత తోలు కాగితాల మీద రాత గీకేసి, పైన జార్జియన్ భాషలో మళ్లీ రాసుకున్నారు. జార్జియా పండితుడు జాజా అలెక్సిద్జె దాన్ని గుర్తుపట్టాడు. 2008లో పూర్తిగా చదివి అచ్చువేశారు. బైబిల్ భాగాలు.

ఆ భాష ఏంటి? లెజ్గీకి నేరుగా తల్లి కాదు. అదే కుటుంబంలోని ఉది అనే చిన్న భాషకు పూర్వరూపం. లెజ్గీకి పెత్తల్లి లాంటిది అనుకోండి. కొందరు లెజ్గీ జాతీయవాదులకు ఇది సరిపోదు, మొత్తం అల్బేనియా మాదే అంటారు. తొంభైలలో ‘అల్బేనియన్ గ్రంథం’ అంటూ ఒక నకిలీ కూడా బయల్దేరింది. భాషాశాస్త్రవేత్తలు దాన్ని పక్కన పడేశారు. నిజంగా దొరికిన సినాయ్ కాగితాలే అంత గొప్పగా ఉంటే నకిలీ అవసరం ఎందుకో నాకు అర్థం కాదు.

సరే, భాష. నాకు కేటాయించిన టైమ్‌లో సగం దీనికే ఖర్చుపెట్టాలని వచ్చాను, కాబట్టి ఎవరూ లేవకండి. (నవ్వులు)

లెజ్గీలో నామానికి 18 విభక్తులు. భయపడకండి, మనకు కొత్తేం కాదు. ఎలుగుబంటిని తీసుకుందాం, వ్యాకరణాల్లో దాన్నే ఉదాహరణగా ఇస్తారు. ఎలుగుబంటి ‘సెవ్’. ఎలుగుబంటి యొక్క, ‘సెవ్రెన్’. ఎలుగుబంటికి, ‘సెవ్రెజ్’. ఇక చూడండి. ఎలుగుబంటి మీద, ‘సెవ్రెల్’. మీంచి, ‘సెవ్రెలయ్’. మీదికి, ‘సెవ్రెల్ది’. కింద, ‘సెవ్రెక్’. కిందనుంచి, ‘సెవ్రెకయ్’. కిందికి, ‘సెవ్రెక్ది’. మీద, మీంచి, మీదికి. కింద, కిందనుంచి, కిందికి. మన దగ్గర ఉన్నదే! మనం విడి మాటలతో చేసే పని వాళ్లు మాట చివర్లో అతికించి చేస్తారు, అంతే. మీద, కింద, వెనక, దగ్గర, లోపల, ఈ అయిదింటికీ మూడేసి చొప్పున 15 కావాలి. ‘లోపలికి’ అన్నదానికి విడి రూపం లేదు కాబట్టి 14. మిగతా నాలుగు కలిపితే 18. పక్కనున్న తబసరాన్ భాషకు 48 విభక్తులని గిన్నిస్ పుస్తకంలో వేశారు. లెక్కపెట్టే పద్ధతి మార్చితే ఏ భాషకైనా ఎన్నైనా వస్తాయి, ఆ గొప్పలు నమ్మకండి.

ఆ నాలుగింటిలో ఒకదాన్ని దాచిపెట్టాను. ఎలుగుబంటి వచ్చింది అనడానికి ‘సెవ్’ చాలు. ఎలుగుబంటి ఏదైనా తిన్నది, ఎవరినైనా కొట్టింది అంటే మాత్రం ‘సెవ్రే’ అనాలి. పని ఇంకొకదాని మీద చేస్తే కర్తకు గుర్తు తగిలించాలి. మనం హైదరాబాద్‌లో ఉన్నాం కాబట్టి చెప్పడం తేలిక, హిందీలో ‘మైనే ఖాయా’ అన్నప్పుడు వచ్చే ‘నే’ అలాంటిదే. హిందీలో అది జరిగిపోయిన కాలానికే పరిమితం, లెజ్గీలో ఎప్పుడూ ఉంటుంది. ఊరట ఏంటంటే క్రియ అసలు మారదు. వచ్చాడు, వచ్చింది, వచ్చాను, వచ్చారు, అన్నిటికీ ఒకే రూపం. దీని చుట్టపు భాషలు కొన్నిటిలో లింగభేదాలు నాలుగేసి ఉంటే, లెజ్గీ వాటిని పూర్తిగా వదిలించుకుంది.

నాకు ఒళ్లు జలదరించింది ఇంకోచోట. ‘నాకు తెలుసు’ అనడానికి ఇంగ్లీషువాడు ‘నేను’తో మొదలుపెడతాడు. లెజ్గీవాడు ‘జాజ్ చిదా’ అంటాడు. జాజ్ అంటే నాకు. ‘నాకు కావాలి’, ‘జాజ్ కాందా’. ఇష్టమన్నా అదే మాట. ‘నాకు కనిపించింది’, ‘జాజ్ అకునా’. తెలియడం, కావాలనిపించడం, కనిపించడం మనిషి చేసే పనులు కావు, మనిషికి జరిగేవి అని ఆ భాషా అనుకుంది, మన భాషా అనుకుంది. చుట్టరికం ఏమీ లేదు, ఆ మాట గట్టిగా చెప్తున్నాను. రేపు వాట్సాప్‌లో ‘కాకసస్‌లో తెలుగువాళ్లు’ అని పంపొద్దు దయచేసి. (నవ్వులు) ప్రపంచంలో చాలా భాషలు ఈ పని చేస్తాయి.

లెక్క పెట్టడం ఇరవైలతో. 20 అంటే ‘కద్’, 3 అంటే ‘పుద్’. 60 అంటే ‘పుద్‌కద్’, మూడు ఇరవైలు. 80 నాలుగు ఇరవైలు. 40కి మాత్రం విడిగా ఒక పాత మాట ఉంది.

పలకడమే కష్టం. ‘కాందా’ అన్నాను కదా, ఆ ‘క’ మన ‘క’ కాదు. గొంతు బిగబట్టి, ఊపిరి ఆపి, చటుక్కున వదలాలి. ఇలాంటి బిగి హల్లులు ప, త, క, చలకు ఉన్నాయి, ఇంకా లోపల కొండనాలుక దగ్గర కూడా ఉన్నాయి. రష్యన్ లిపిలో వీటికి అక్షరాలు లేవు. అందుకని మామూలు అక్షరం పక్కన ఒక నిలువు గీత పెట్టారు. ఆ గీత మామూలు రష్యన్ కీబోర్డులో ఉండదు. లెజ్గీ కుర్రాళ్లు ఫోన్లో మెసేజ్ కొట్టేటప్పుడు దాని బదులు అంకె 1 కొడతారు. వాళ్ల చాటింగ్ చూస్తే మాటల మధ్యలో ఒకట్లు, ఒకట్లు. ఫోన్ నంబర్లు పంపుకుంటున్నారేమో అనిపిస్తుంది.

లిపి కూడా నిలకడగా లేదు. మొదట అరబిక్. 1871లో కజన్‌ఫర్ బేగ్ అనే లెజ్గీ, రష్యన్ సైనికాధికారి ఉస్లార్ సాయంతో ఒక వాచకం చేశాడు. ఉస్లార్ ఈ భాషకు మొదటి పెద్ద వ్యాకరణం రాసినవాడు. 1928లో సోవియట్ ప్రభుత్వం లాటిన్ లిపి తెచ్చింది. పదేళ్లకే, 1938లో, అది తీసేసి రష్యన్ లిపి పెట్టింది. పుస్తకాలు అచ్చయ్యేలోపే లిపి మారిపోతుంటే సాహిత్యం ఎలా పెరుగుతుంది? అయినా పెరిగింది, ఎందుకంటే అసలు కవిత్వం నోటి మీదే నడిచింది. 19వ శతాబ్దంలో ఎతిమ్ ఎమిన్. ఆయన తర్వాత సులేమాన్ స్తాల్‌స్కీ, 1869లో పుట్టాడు, చదవడం రాయడం రాదు. బాకు చమురు బావుల్లో కూలి చేశాడు, సమర్‌కంద్ దాకా పనికి వెళ్లాడు. తిరిగొచ్చి తన ఊరి ముల్లాల మీద, ధనవంతుల మీద పాటలు కట్టాడు. 1934లో మాస్కో రచయితల మహాసభలో మాక్సిమ్ గోర్కీ ఆయన్ని ‘20వ శతాబ్దపు హోమర్’ అన్నాడు. ఆ తర్వాత స్టాలిన్ మీద కూడా పొగడ్తలు వచ్చాయి, దాచాల్సిన పని లేదు. ఆ పొగడ్తలు తీసేసి, తొలినాటి వ్యంగ్య పాటలు చదివితేనే ఆయనేంటో తెలుస్తుంది.

ఇక ఆ సరిహద్దు గీత గురించి. ఇక్కడికి రావాలనే ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

1860లలో రష్యా చక్రవర్తుల పాలనలో సమూర్ అవతలి లెజ్గీలు దాగెస్తాన్ కిందికి, ఇవతలివాళ్లు బాకు ప్రాంతం కిందికి వెళ్లారు. అది జిల్లాల హద్దు, ఎవరూ పట్టించుకోలేదు. సోవియట్ కాలంలో అదే గీత రెండు రిపబ్లిక్‌ల మధ్య హద్దు అయింది. అప్పుడూ పట్టించుకోలేదు, ఎందుకంటే దేశం ఒకటే. దక్షిణ దాగెస్తాన్‌వాళ్లకు బాకునే మహానగరం. పనికి బాకు, చదువుకి బాకు. చలికాలం గొర్రెల మందలు కొండ దిగి అజర్‌బైజాన్ మైదానాలకు వెళ్లేవి, ఎండాకాలం తిరిగొచ్చేవి. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ.

1991లో ఒక దేశం 15 దేశాలైంది. తూటా పేలకుండా, ఎవరూ కొత్తగా గీత గీయకుండా, ఉన్న గీతే అంతర్జాతీయ సరిహద్దు అయి కూర్చుంది. పాస్‌పోర్టులు, కస్టమ్స్, ముళ్లకంచె. ఇది రాబోతోందని ముందే పసిగట్టి 1990లో దెర్బెంత్ ప్రాంతంలో ‘సద్వల్’ అనే ఉద్యమం పుట్టింది. పేరుకు ఐక్యత అని అర్థం. లెజ్గీల నేలంతా ఒకే పాలన కిందికి రావాలన్నది కోరిక. 1994 మార్చిలో బాకు మెట్రోలో బాంబు పేలి జనం చనిపోయారు. అజర్‌బైజాన్ కోర్టులు సద్వల్ సభ్యుల్ని దోషులుగా తేల్చాయి. అక్కడితో ఆ ఉద్యమం చచ్చిపోయినట్టే. ఆ తర్వాత అజర్‌బైజాన్‌లో లెజ్గీ అని గట్టిగా మాట్లాడితే వేర్పాటువాదం వాసన చూడటం అలవాటైపోయింది. ఇందాక గైడ్ ఎందుకు చెప్పలేదన్నాను కదా. అతనికి ఏ దురుద్దేశమూ ఉండకపోవచ్చు, ఆ మాట ఎత్తకపోతే గొడవే లేదు.

2010 సెప్టెంబరులో రష్యా, అజర్‌బైజాన్ అధ్యక్షులు సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు చేశారు. సమూర్ నీళ్లు చెరిసగం. కృష్ణా నీళ్ల పంచాయితీ చూసినవాళ్లకు ఇందులో ఎంత టెన్షన్ ఉంటుందో చెప్పక్కర్లేదు. ఈ నీళ్లే కాలువలో పడి బాకు నగరానికి తాగునీరవుతాయి. ఇంకోవైపు నది సముద్రంలో కలిసే చోట తీగెలు అల్లుకున్న అపురూపమైన అడవి ఉంది, 2019లో రష్యా దాన్ని జాతీయ ఉద్యానం చేసింది. నది ఎండితే ఆ అడవి బతకదు.

ఆ ఒప్పందంతో పాటు ఇంకో చిన్న విషయం తేలింది. ఖ్రాఖ్-ఉబా, ఉర్యాన్-ఉబా అని రెండు ఊళ్లు. అజర్‌బైజాన్ లోపల, ఖచ్‌మజ్ జిల్లాలో ఉన్నాయి. 1954లో అక్కడి మేతభూములను దాగెస్తాన్ వాడుకోవచ్చని అప్పటి అజర్‌బైజాన్ ప్రభుత్వం ఇచ్చింది. గొర్రెల కోసం వెళ్లిన లెజ్గీలు ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని కన్నారు. కాగితం మీద దాగెస్తాన్ మనుషులు, తర్వాత రష్యా పౌరులు. కౌలు గడువు తీరిపోయింది. ఒప్పందం తర్వాత వాళ్ల ముందు రెండే దారులు: అజర్‌బైజాన్ పౌరసత్వం తీసుకోవడం, లేదంటే సామాన్లు సర్దుకుని రష్యా వెళ్లిపోవడం. కొన్ని వందలమంది మనుషులు. పెద్ద పత్రికల్లో ఎక్కడో మూల పడ్డ వార్త.

2020 మార్చిలో కరోనాతో అజర్‌బైజాన్ భూసరిహద్దులు మూసేసింది. ఆ జూన్‌లో ఇంటికి వెళ్లలేని అజర్‌బైజాన్ పౌరులు వందలమంది దెర్బెంత్ జిల్లా కుల్లార్ ఊరి దగ్గర గుడారాల్లో పడి ఉన్నారు, పోలీసులతో గొడవలు కూడా అయ్యాయి. తర్వాత కరోనా పోయింది. మూసివేతను మాత్రం ప్రభుత్వం ఏళ్ల తరబడి పొడిగిస్తూ వచ్చింది. సరుకుల లారీలు వెళ్తాయి, మామూలు మనిషి వెళ్లకూడదు. కుసార్‌లో ఉన్న చెల్లెలు, నది అవతల మగరమ్‌కెంత్‌లో ఉన్న అన్న చావుకు వెళ్లాలంటే విమానం ఎక్కాలి. వంతెన మీదుగా గంట ప్రయాణం అది.

రెండు వైపులా భాషకు జరుగుతున్నది కూడా వేర్వేరు. దాగెస్తాన్‌లో 14 అధికార భాషల్లో లెజ్గీ ఒకటి, పత్రిక ఉంది, రేడియో ఉంది, దెర్బెంత్‌లో స్తాల్‌స్కీ పేరున నాటకశాల ఉంది. అన్నీ ఉన్నాయి, నగరం చేరిన పిల్లలు మాత్రం రష్యన్‌లోకి జారిపోతున్నారు. అజర్‌బైజాన్‌లో బడిలో వారానికి రెండు మూడు పీరియడ్లు, ‘సమూర్’ అనే పత్రిక, ఇలాంటివి కొన్నే. కానీ కుసార్ పల్లెల్లో ఇంటా బయటా ఇంకా లెజ్గీయే. హక్కులు ఎక్కువున్న చోట పట్నం తింటోంది, హక్కులు తక్కువున్న చోట పల్లె కాపాడుతోంది. పల్లె ఎన్నాళ్లు పల్లెగా ఉంటుందన్నదే ప్రశ్న.

ఇంతే. ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి.

(సభలో ఒకరు: లెజ్గింకా డాన్స్ అని యూట్యూబ్‌లో చూశాను. అది వీళ్లదేనా?)

పేరు వీళ్లది, డాన్స్ మొత్తం కాకసస్‌ది. జార్జియన్లు, చెచెన్లు, ఒసేతీలు, అందరికీ సొంత రకాలున్నాయి. బయటివాళ్లు దాగెస్తాన్ కొండవాళ్లందరినీ లెజ్గీలు అన్నారని చెప్పాను కదా, వాళ్ల డాన్స్‌కీ అదే పేరు పెట్టేశారు. 1842లో రష్యన్ సంగీతకర్త గ్లింకా తన ఆపెరాలో ఒక లెజ్గింకా పెట్టాడు, దాంతో పేరు ప్రపంచమంతా పాకింది. మగవాడు మునివేళ్ల మీద డేగలా, ఆడమనిషి పాదం కనపడకుండా నేల మీద జారుతున్నట్టు. లెజ్గీల పెళ్లిలో చూస్తే మరీ వేగం. వాళ్లు మాత్రం ఇంట్లో దాన్ని ‘ఖ్కదర్‌దయ్ మకామ్’ అంటారు, ఎగిరి గంతేసే పాట అని.

(ఇంకొకరు: మా అమ్మాయి మఖచ్‌కలాలో ఎంబీబీఎస్ చదువుతోంది సార్. తనకు ఈ భాష వినిపిస్తుందా?)

ఓహో, దాగెస్తాన్ రాజధానిలోనే! చాలా సంతోషం. మఖచ్‌కలాలో వీధిలో వినిపించేది రష్యనే అమ్మా. అన్ని జాతులూ కలిసిన ఊరు, ఒకరితో ఒకరు మాట్లాడాలంటే రష్యన్ తప్ప దారి లేదు. క్లాసులో లెజ్గీ స్నేహితురాలు తప్పకుండా ఉంటుంది, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోమనండి. ఇంకా కావాలంటే సెలవుల్లో దెర్బెంత్ బస్సు ఎక్కమనండి, రెండు గంటలు పడుతుంది. కోట, 8వ శతాబ్దపు జుమా మసీదు చూసుకుని, బజారులో ఆకుకూర పెట్టి కాల్చిన అఫర్ రొట్టెలు అమ్మే ముసలమ్మల దగ్గర నిలబడితే చాలు. వాళ్లు బేరం రష్యన్‌లో చేస్తారు, తమలో తాము లెజ్గీలో మాట్లాడుకుంటారు. ‘చుఖ్‌సాగుల్’ అంటే థాంక్యూ. అదొక్కటి నేర్చుకుని వెళ్లమనండి, ఇంకో రొట్టె ఎక్కువే పెడతారు.